మెదడులో ఇనుము అనగానే తోటకూర మానేశాను

అద్దం ముందు బొట్టు పెట్టుకుంటూ ఎడమ కన్ను మూస్తే కుంకుమ ఎర్రగానే ఉంది. కుడి కన్ను మూస్తే మాత్రం వెలిసిపోయిన ఇటుక రంగు. కన్ను తిప్పితే లోపల నొప్పి. కంటి డాక్టరు న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు, ఎంఆర్ఐలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాములో నరాల మీది మైలిన్ అనే పొరను దెబ్బతీసే జబ్బిది; దెబ్బతిన్న చోట్లు స్కాన్‌లో మచ్చల్లా కనిపిస్తాయి. అప్పటికి నాకు 31 ఏళ్లు. ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. రెండు నెలలకు చూపు చాలావరకు తిరిగొచ్చింది.

రెండేళ్ల తర్వాత 3 టెస్లా అనే బలమైన అయస్కాంతం ఉన్న ఎంఆర్ఐ మెషిన్‌లో మళ్లీ స్కాన్ తీశారు. రాని మట్టెల్ని అమ్మ సబ్బు రాసి తీసింది. ఈసారి ఎస్‌డబ్ల్యూఐ అనే పద్ధతిలో కూడా చూశారు. ఇనుము ఉన్నచోట అయస్కాంత క్షేత్రం కాస్త చెదిరి, బొమ్మలో నల్లగా పడుతుందట. డాక్టరుగారు స్క్రీన్ మీద పెన్ను పెట్టి చూపించారు. ఒక పాత మచ్చ చుట్టూ కాటుక దిద్దినట్టు సన్నటి నల్ల గీత. ఇనుము నింపుకున్న మైక్రోగ్లియా, అంటే మెదడులోని రోగనిరోధక కణాలవి. పైకి ఎటాక్ రాకపోయినా ఆ అంచున వాపు ఆరలేదన్నమాట. కొత్త మచ్చలు కూడా రెండు కనిపించడంతో మందు మార్చి, ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

నాకు మాత్రం 'మెదడులో ఇనుము' అన్న మాటొక్కటే బుర్రలో తిరిగింది. ఎవర్నీ అడక్కుండా తోటకూర, బెల్లం, ఖర్జూరం మానేశాను. ఐరన్ మాత్రలూ ఆపేశాను. నాలుగు నెలలకు మెట్లెక్కితే ఆయాసం, ఒకటే నీరసం. జబ్బు ముదిరిందని రాత్రిళ్లు ఏడ్చాను. తీరా చూస్తే హిమోగ్లోబిన్ 8.1!

"తిండి మానితే మెదడులోది పోదమ్మా" అన్నారు డాక్టరుగారు. మైలిన్‌ను తయారుచేసే కణాల్లోనే ఇనుము ఎక్కువ, అవి దెబ్బతిన్నప్పుడు బయటపడుతుంది. మైలిన్ మళ్లీ కట్టుకోవాలన్నా ఇనుమే కావాలి. పైగా ఈ జబ్బులో మెదడు లోపలి భాగాల్లో ఒకటైన బేసల్ గాంగ్లియాలో ఇనుము పెరిగితే, దాని పక్కనుండే థలమస్‌లో తగ్గుతుందట.

ఇనుము పేరుతో భయపడింది నేనొక్కదాన్నే కాదు. మెడ సిరలు సన్నబడి ఇనుము పేరుకోవడమే ఈ జబ్బుకు మూలమని 2009లో ఇటలీ డాక్టరు జాంబోని అంటే, ఎందరో సిరలు వెడల్పు చేయించుకోవడానికి దేశాలు దాటారు. దానివల్ల లాభం లేదని 2017లో ఆయన బృందం చేసిన ట్రయల్‌లోనే తేలింది. వాళ్ల ఆశ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మొన్నటి స్కాన్‌లో ఆ నల్ల గీత అలాగే ఉంది. కొత్త మచ్చలు లేవు. హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది. ఐరన్ మాత్ర రోజూ నిమ్మరసంతో వేసుకుంటున్నాను.