ప్రశ్నలన్నీ ఆమే అడిగింది

కర్నూలులో రాత్రి ఎక్కిన బస్సు బెంగళూరులో హెబ్బాళ్ ఫ్లైఓవర్ దగ్గరే తెల్లవార్చింది. అక్కడి నుంచి ఆటోవాడు నాలుగు వందలన్నాడు. బస్సు చార్జీలో సగం అక్కడే పోయింది.

బెంగళూరు రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత మహిళలే. కన్నడ రాకపోయినా పనైపోతుందనుకున్నా. జీతాల కోతలు, పనిచోట వేధింపుల మీద నా పరిశోధన. మొదటిరోజు వాళ్ల పని చూసే మేస్త్రే దగ్గరుండి అందరికీ నన్ను పరిచయం చేశాడు. పదకొండు మందీ ఒకటే మాట: "అంతా బాగుంది మేడం."

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లా. పొద్దున ఆరున్నరకు, హాజరు వేసే చోట, టీ బండి పక్కన ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"ఏ ఊరు పాపా? మీదేం కులం? పెండ్లయిందా? జీతమెంతొస్తాది?"

చిర్రెత్తింది. ముఖం తెలియని మనిషిని ఇవా అడగడం! ఫారం తీద్దామని సంచి తెరిచా. ఊరు, కులం, పెళ్లి, జీతం... నా కాగితంలోనూ అవే, అదే వరసలో. నోరు మూసుకుని అన్నింటికీ జవాబు చెప్పా.

"ఈ కాయితం మేస్త్రి చూస్తాడా?"

"చూడడక్కా, పేర్లు కూడా ఎక్కడా రావు."

"మరి వేలిముద్ర దేనికి?"

2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు వల్లించా. చదవలేనివాళ్లు సమ్మతి తెలుపుతూ వేలిముద్ర వేసేటప్పుడు, ఏ పక్షానికీ చెందని సాక్షి ఒకరు ఉండాలి.

"సాక్షి ఎవరు, మేస్త్రా?" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నిన్న ఆయన్నే అడుగుదామనుకున్నా మరి.

పశువుల లెక్కకు వస్తే మా అవ్వ గొర్రెల్ని సగానికి సగం తగ్గించి చెప్పేది. అడిగేవాడి వెనక ఎవడున్నాడో తెలియకుండా నిజం చెప్పడానికి ఆమెకేమైనా పిచ్చా? ఆమె మనవరాలినై ఉండీ నేను మేస్త్రి వెనక నడిచి వచ్చా.

తర్వాత రెండు రోజులు ఫారం బయటికి తీయలేదు. టీ తాగడం, ఆవిడ మోకాళ్ల నొప్పి గురించి వినడం, అంతే. శుక్రవారం వెళ్లబోతుంటే ఆవిడే పిలిచింది.

"ఆదివారం ఇంటికి రా. మా చెల్లెలి కూతురు చదువుకున్నాది, అదే సాచ్చి. నువ్వు చదివినాక అది మల్లా చదవాల. అప్పుడు చూస్తాం."

శనివారం రాత్రికి నా రిటర్న్ టికెట్. క్యాన్సిల్ చేస్తే బస్సువాళ్లు సగం కోసేశారు.