క్రషర్ ప్రమాదం, ఆ తర్వాత పరిహారం: నా అనుభవం

2021 వేసవిలో మా బావగారు, అంటే మా అక్క భర్త, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉన్న ఒక కంకర క్వారీలో పనిచేస్తూ కుడి చేతిని మోచేతి కింది నుంచి పోగొట్టుకున్నారు. పరిహారం కోసం ఆ తర్వాత సాగిన వ్యవహారమంతా ఆయన, అక్క, నేను కలిసి నడిపాము. నేను హయత్‌నగర్‌లో ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. చట్టం చదువుకున్నదాన్ని కాను గాని, మొదటి దరఖాస్తు నుంచి సొమ్ము బ్యాంకులో పడేదాకా ప్రతి కాగితమూ నా చేతుల మీదుగా వెళ్లింది. ఈ నగరం చుట్టూ క్వారీలలో, క్రషర్లలో పనిచేసే వాళ్ల ఇళ్లలో ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ప్రమాదం సంగతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత కేసంతా దాని చుట్టూనే తిరిగింది. టిప్పర్లలో వచ్చిన బండలు హాపర్ అనే పెద్ద గరాటులాంటి తొట్టిలో పడి, ఇనుప దవడల మధ్య రాయిని నలిపే జా క్రషర్‌లో నలిగి, జల్లెడల మీద కంకరగా, డస్ట్‌గా వేరై, బెల్టుల మీదుగా కుప్పలకు చేరుతాయి. బెల్టు మొదలయ్యే చోట ఉండే టెయిల్ పుల్లీ కింద డస్ట్, చిన్న రాళ్లు ఎప్పుడూ జారి పేరుకుంటూనే ఉంటాయి. వాటిని తీయకపోతే బెల్టు పక్కకు లాగి అంచులు చిరిగిపోతాయి. తీయడానికి బెల్టు ఆపితే పని ఆగిపోతుంది. అందుకని నడుస్తున్న బెల్టు కిందనే పారతో తీయిస్తారు. ఆ రోజు బావగారి పార కొస పుల్లీకీ బెల్టుకీ మధ్య సందులో చిక్కుకుంది, పారతో పాటు గ్లవ్, గ్లవ్‌తో పాటు చేయి లోపలికి వెళ్లాయి. ఆ సందు దేన్నయినా పట్టుకున్నదంటే మనిషి పిడికిలి వదిలేలోపే లాగేసుకుంటుంది. అందుకే అక్కడ ఇనుప జాలీ బిగించి ఉండాలి, బెల్టు పొడవునా పుల్ కార్డు ఉండాలి. ఆ తాడును ఎవరు ఎక్కడ లాగినా మోటారు ఆగిపోతుంది. అక్కడ తాడు లేదు. జాలీ ఒకప్పుడు ఉండేదని, శుభ్రం చేయడానికి అడ్డం వస్తున్నదని విప్పి పక్కన పెట్టారని తోటి పనివాళ్లు చెప్పారు. మోటారు ఆపాలంటే ఎవరో ఒకరు పైనున్న ప్యానెల్ గదికి పరుగెత్తాలి.

ఆసుపత్రికి తీసుకువెళ్లినది సూపర్‌వైజర్. మేము చేరేసరికి బావగారిని ఆపరేషన్‌కు తీసుకువెళ్లారు. మర్నాడు కేస్ షీట్, అంటే ఆసుపత్రిలో రోగి వివరాలు, చికిత్స రాసి ఉంచే రికార్డు, చూస్తే, మొదటి పేజీలో ప్రమాద కారణం దగ్గర రోడ్డు ప్రమాదం అని, బైక్ మీద నుంచి పడ్డట్టుగా రాసి ఉంది. సూపర్‌వైజర్ చెప్పింది డ్యూటీ డాక్టర్ రాసుకున్నారు, అంతే. ఆ ఒక్క వాక్యం అలాగే మిగిలిపోయి ఉంటే మేము చేయగలిగింది ఏమీ ఉండేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. బావగారికి తెలివి రాగానే అక్క వార్డు డాక్టరును పిలిచి, ఆయన నోటితోనే జరిగింది చెప్పించింది. ముందు రాసినది కొట్టివేయడం కుదరదని, రోగి స్వయంగా ఇచ్చిన వివరంగా దాని కిందనే కొత్తగా రాస్తానని ఆ డాక్టర్ చెప్పి, తేదీ, సమయం వేసి సంతకం చేశారు. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయవలసిన కేసుగా, నమోదైనందువల్ల పోలీసులు వచ్చారు. వారికి కూడా బావగారు అదే వాంగ్మూలం ఇచ్చారు. యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి అప్పట్లో భారత శిక్షాస్మృతి 287, తీవ్ర గాయానికి 338 సెక్షన్ల కింద ఎఫ్.ఐ.ఆర్. నమోదైంది.

మాకు అన్నిటికంటే ఎక్కువ సాయపడిన కాగితం ఆపరేషన్ నోట్. గాయంలో గ్రీజు, రాతి పొడి కూరుకుపోయి ఉన్నాయని, వాటిని కడిగి తీశామని సర్జన్ అందులో రాశారు. బైక్ మీద నుంచి పడ్డవాడి చేతి కండలోకి గ్రీజు ఎలా వస్తుందన్న ప్రశ్నకు విచారణలో అవతలి పక్షం జవాబు చెప్పలేకపోయింది. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి పట్టుకుని ఇంటికి వచ్చేవాళ్లే ఎక్కువ. దయచేసి కేస్ షీట్ మొత్తం నకలు అడిగి తీసుకోండి.

కాంట్రాక్టర్ వార్డుకే వచ్చాడు. "కోర్టుల సుట్టు ఏడ తిరుగుతరమ్మా, ఇచ్చినకాడికి తీస్కోండ్రి," అని అక్కతో మెత్తగానే అన్నాడు. రెండు లక్షలు, దానికి తోడు ఒక స్టాంపు కాగితం: ఇకమీదట ఎలాంటి హక్కూ కోరబోమని. అక్క సంతకం పెట్టలేదు. ఒకవేళ పెట్టి ఉన్నా హక్కు పోయేది కాదని నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం పరిహారపు హక్కును వదులుకుంటూ రాసిన ఒప్పందం ఆ మేరకు చెల్లదు. అయితే అలాంటి కాగితం ఒకటి ఉంటే దాన్ని ఎదుర్కోవడానికే సగం ఓపిక అయిపోతుంది.

బావగారు అక్కడ పనిచేస్తున్నట్టు రుజువు చేయడం అసలైన కష్టం. నియామక పత్రం లేదు, హాజరు కార్డు లేదు. కాంట్రాక్టర్ ఆయనెవరో తనకు తెలియదన్నాడు. అప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి చీటీని బయటికి తీశాము. జీతం ప్రతి నెలా సూపర్‌వైజర్ ఫోన్‌పే నుంచి వచ్చేది కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకున్నాము. కాటా దగ్గర మనిషి లేని రోజుల్లో టిప్పర్ల తూకం చీటీలు బావగారే రాసేవారు. వాటిలో కొన్ని కార్బన్ కాపీలు ఆయన సంచిలో దొరికాయి, పైన క్వారీ పేరు అచ్చయి ఉంది, కింద ఆయన సంతకం ఉంది. ఒడిశా నుంచి వచ్చి ఆయనతో పనిచేసిన ఒక అబ్బాయి సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాడు. తన పని పోతుందని తెలిసి కూడా వచ్చి చెప్పాడు. ఆ రుణం మేము తీర్చుకోగలిగింది కాదు.

కాంట్రాక్టర్ ఒక్కడి మీద కేసు వేస్తే అతను చేతులెత్తేస్తాడని కార్మిక సంఘం పెద్దాయన ఒకరు హెచ్చరించారు. చట్టం 12వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టర్ ద్వారా పనిచేయించుకున్న అసలు యజమాని కూడా పరిహారానికి బాధ్యుడే. అసలు యజమాని ఎవరో తెలియాలి గదా. గనులు, భూగర్భ శాఖకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి ఆ సర్వే నంబరులో లీజు ఎవరి పేరున ఉన్నదో తెలుసుకున్నాము. ఆపైన ఇద్దరికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాము. కాంట్రాక్టర్‌కు పంపిన కవరు, తీసుకోవడానికి నిరాకరించినట్టు పోస్ట్‌మన్ రాతతో తిరిగి వచ్చింది. దాన్ని విప్పకుండా అలాగే దాఖలు చేయమని పెద్దాయన చెప్పారు, అలాగే చేశాము. ప్రమాదం జరిగిన రెండేళ్లలోగా దరఖాస్తు వేయాలి, ప్రమాదం జరిగిన చోటే కాకుండా కార్మికుడు నివసించే ప్రాంతంలో పరిహారం కేసులు వినే కమిషనర్ దగ్గరైనా వేయవచ్చు. కార్మిక శాఖ అధికారులే ఈ కమిషనర్లుగా వ్యవహరిస్తారు. న్యాయవాది తప్పనిసరి కాదు, కార్మిక సంఘం ప్రతినిధి కూడా హాజరు కావచ్చు. అయినా సాక్షులను ప్రశ్నించే దశకు వచ్చేసరికి మేము ఒక న్యాయవాదిని పెట్టుకున్నాము, అది అవసరమేనని నా అభిప్రాయం.

లీజుదారు తరఫున మొదటి అభ్యంతరం చాలా తెలివిగా వచ్చింది. క్రషర్ అన్నది ఫ్యాక్టరీ అని, ఫ్యాక్టరీ కార్మికులకు ఈ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుందని, అది వర్తించేవాళ్లు పరిహారం అక్కడే కోరాలని, కనుక ఈ కమిషనర్ ముందు కేసు నిలవదని వాదించారు. బావగారి పేరున ఈ.ఎస్.ఐ.కి ఒక్క రూపాయి కట్టిన దాఖలా లేదు, అది వేరే విషయం. మా న్యాయవాది 1952 నాటి గనుల చట్టంలోని నిర్వచనం చూపించారు. గనికి చెందిన కన్వేయర్లు, తవ్విన ఖనిజాన్ని అమ్మకానికి సిద్ధం చేసే చోటు కూడా గనిలో భాగమే. అప్పటి ఈ.ఎస్.ఐ. చట్టం ఫ్యాక్టరీని నిర్వచిస్తూ గనుల చట్టం కిందికి వచ్చే గనులను మినహాయించింది. మా క్రషర్ లీజు హద్దుల లోపలే ఉందని గనుల శాఖ ఇచ్చిన స్కెచ్‌లో స్పష్టంగా ఉంది. క్రషర్ విడిగా, క్వారీతో సంబంధం లేకుండా నడిచే చోట ఇదే వాదన వర్తించదు, కాబట్టి అలాంటి వాళ్లు ముందుగానే ఈ.ఎస్.ఐ. సంగతి తేల్చుకోవాలి.

తర్వాత శాతాల లెక్క. చట్టం మొదటి షెడ్యూలులో ఏ అవయవం ఎంతవరకు పోతే సంపాదన శక్తి ఎంత తగ్గినట్టో పట్టిక ఉంది. మోచేతి కొస నుంచి కిందికి 11.43 సెంటీమీటర్లు, ఆపైన చేయి మిగిలితే 60 శాతం. అంతకంటే తక్కువ మిగిలితే 70 శాతం. నాలుగున్నర అంగుళాలను సెంటీమీటర్లలోకి మార్చితే వచ్చిన అంకె అది. పరీక్షించిన డాక్టర్ బావగారి మోచేయి మడిపించి, ఎముక కొస మీద వేలు పెట్టి, టేపుతో కొలిచి తొమ్మిది సెంటీమీటర్లు అని రాశారు. అప్పటికి ఇంకా పూర్తిగా మానని చర్మం మీద టేపు తగిలినప్పుడల్లా ఆయన పళ్లు బిగబట్టడం నేను పక్కనే నిలబడి చూశాను.

ఆ కొలతతో వచ్చేది 70 శాతం. మేము మాత్రం నూటికి నూరు శాతం కోరాము. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు, ఎడమ చేయి మోచేతి పైనుంచి పోయిన ఒక వడ్రంగి ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కనుక అది సంపూర్ణ వైకల్యమేనని తేల్చింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే చెల్లించాల్సి ఉంటుందని కూడా అదే తీర్పు చెప్పింది. పార పట్టి, నిచ్చెన ఎక్కి, రోలర్లు మోసే మనిషికి కుడి చేయి పోతే మిగిలే పని ఏది? బావగారు చదివింది ఐదో తరగతి, చేసినదంతా రాతి పనే.

లెక్క ఇలా కట్టారు. బావగారి జీతం నెలకు 18,000 అయినా, 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన పరిమితి ప్రకారం 15,000 మాత్రమే లెక్కలోకి వస్తుంది. సంపూర్ణ శాశ్వత వైకల్యానికి అందులో 60 శాతం, అంటే 9,000. ఆయనకు 35 ఏళ్లు నిండాయి కాబట్టి నాలుగో షెడ్యూలు చెప్పే గుణకం 197.06. హెచ్చిస్తే 17,73,540 రూపాయలు. అదే 70 శాతమైతే 12,41,478 దగ్గర ఆగేది.

విచారణలో ఒక రోజు చాలా బాధ కలిగించింది. ఆ రోజు ఆయన తాగి ఉన్నారని, నడిచే బెల్టు దగ్గరికి వెళ్లవద్దన్న ఆదేశాన్ని కావాలని ధిక్కరించారని అవతలి న్యాయవాది పదే పదే అడిగారు. బావగారు తల దించకుండా, "ఆపి తీస్తానంటే తిట్టిండ్రు సార్," అని ఒకే మాట చెప్పారు. మద్యం వాసన ఉన్నట్టు ఆసుపత్రి రికార్డులో ఎక్కడా లేదు. పైగా తాగి ఉండడం, భద్రతా ఆదేశాన్ని ధిక్కరించడం అనే మినహాయింపులు మరణం గాని సంపూర్ణ శాశ్వత వైకల్యం గాని సంభవించినప్పుడు యజమానిని కాపాడవు. నూరు శాతం వైకల్యమని గట్టిగా నిలబడడం మాకు ఇక్కడ కూడా కలిసి వచ్చింది.

2023లో ఉత్తర్వు వచ్చింది. సంపూర్ణ వైకల్యంగా అంగీకరించి, పూర్తి మొత్తానికి ఏడాదికి 12 శాతం వడ్డీ కలిపి చెల్లించమన్నారు. ఈ మొత్తం మీద అది ఏడాదికి 2,12,000 పైచిలుకు. లీజుదారుకు బీమా పాలసీ ఉన్నందువల్ల అసలు, వడ్డీ బీమా సంస్థ జమ చేసింది. సకాలంలో చెల్లించనందుకు వేసే జరిమానా మాత్రం యజమాని సొంతంగా భరించాలి. అది పరిహారపు మొత్తంలో సగం వరకు వేయవచ్చని ఆ చట్టం చెప్పింది, మా కేసులో 25 శాతం వేశారు. వైద్యానికి అయిన అసలు ఖర్చును కూడా యజమాని తిరిగి ఇవ్వాలి. మందుల బిల్లులు అక్క ఒక పాత బియ్యం సంచిలో దాచి ఉంచినందువల్ల దాదాపు అన్నీ ఆమోదం పొందాయి.

మాకు వర్తించిన 1923 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ప్రమాదం జరిగితే అందులోని ఏడో అధ్యాయం చూసుకోవాలి, నేను చెప్పిన సెక్షన్ల అంకెలు అక్కడ మారతాయి. కేస్ షీట్, జీతం రుజువు, లీజుదారు పేరు మాత్రం ఏ చట్టం కిందనైనా కావలసినవే.

పరిహారంతో పాటు గనుల భద్రతా డైరెక్టరేట్‌కు కూడా బావగారి పేరున ఒక ఫిర్యాదు పంపాము. శరీర భాగం శాశ్వతంగా పోయిన ప్రమాదాన్ని తీవ్ర గాయంగా ఆ శాఖకు తెలియజేయవలసిన బాధ్యత యజమానిదీ, మేనేజరుదీ. ఆ పని వారు చేయలేదు. తనిఖీ జరిగాక టెయిల్ పుల్లీకి జాలీ బిగించారని, ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నవాళ్లు చెప్పారు. పుల్ కార్డు ఒక్క బెల్టుకే పెట్టారట, మిగిలిన వాటికి లేదట. ఆ విషయం రాస్తూ బావగారు మరో ఉత్తరం పంపించారు. ఈసారి కింద సంతకం ఎడమ చేత్తో ఆయనే పెట్టారు, తోటి పనివాళ్లు ఇద్దరు కూడా తమ పేర్లు కలిపారు.