బండి మీద బిగించే కార్పెట్ మిషను: కొన్నప్పుడు, కొన్న తరువాత

నెల్లూరులో కల్యాణ మండపాలు, హోటళ్లు, మసీదులలో కార్పెట్లు శుభ్రం చేసే కాంట్రాక్టు పనులు పదకొండేళ్లుగా చేస్తున్నాను. మొన్నటిదాకా నా దగ్గర ఉన్నవి చేత్తో తోసుకువెళ్లే రెండు చిన్న మిషన్లు మాత్రమే. మాటిమాటికీ మురికినీళ్లు పారబోసుకోవాలి, రెండింటినీ ఒకే లైనుకు తగిలిస్తే మండపం ఫ్యూజు ఎగిరిపోతుంది, పీల్చే బలం చాలక తడిపిన కార్పెట్ మరునాటి రిసెప్షన్ వేళకు కూడా ఆరదు. సముద్రం దగ్గరి ఉక్కలో ఆరని కార్పెట్‌కు పట్టే ముక్క వాసన ఎలాంటిదో పెళ్లివారి చేత మాట పడ్డవాడికే తెలుస్తుంది. అందుకని సొంత ఇంజనుతో వ్యాను మీదనే ఉండి, పైపుల గుండా వేడినీళ్లు లోపలికి పంపి, మురికిని మళ్లీ వ్యానులోకి లాక్కునే మిషను కొనాలని నిర్ణయించుకున్నాను.

దాని పని చెప్పుకోవడానికి సులువే. ఒకే ఇంజను ఒక వైపు ప్రెషర్ పంపును, మరో వైపు గాలిని లాగే బ్లోవర్‌ను తిప్పుతుంది. ఇంజను నుంచి, బ్లోవర్ నుంచి వృథాగా పోయే వేడి, హీట్ ఎక్స్ఛేంజర్‌లోని సన్నని గొట్టాల ద్వారా నీళ్లను కాచుతుంది. విడిగా గ్యాసుతోగాని, మండపం వారి కరెంటుతోగాని పని లేదు.

నలుగురు డీలర్లతో మాట్లాడాను. నలుగురూ వేడి గురించి, హార్స్ పవర్ గురించి చెప్పారే తప్ప, బెల్టు తెగితే నెల్లూరు ఆటోనగర్‌లో దొరికే సైజేనా అన్న నా ప్రశ్నకు ముగ్గురి దగ్గర జవాబు లేదు. బ్లోవర్‌ను మాత్రం దిగుమతి చేసుకుని, ఇంజను, బెల్టులు, బేరింగులు అన్నీ ఇక్కడ దొరికేవే వాడిన చెన్నై డీలరు ఒకరు మిగిలారు. ఆయనకు నేను పెట్టిన షరతు ఒకటే: మిషను తెచ్చి, మా మండపం రెండో అంతస్తు దాకా 60 మీటర్ల పైపు లాగి చూపించాలి. పైపు పొడుగైన కొద్దీ పీల్చే బలం తగ్గిపోతుంది కాబట్టి, షోరూములో 5 మీటర్ల పైపుతో చూసినది చూసినట్టు కాదు. రానుపోను డీజిలు ఖర్చు నేను పెట్టుకుంటానంటే ఆయన ఒప్పుకున్నారు. స్పేర్ పార్టుల ధరల పట్టికను ఆర్డరుతో పాటే రాయించుకున్నాను. పదో వంతు సొమ్మును ముప్పై రోజులు వాడి చూసిన తరువాతనే ఇచ్చేలా మాట్లాడుకున్నాను.

వ్యాను ఎంపికలో నేను తడబడింది బరువు దగ్గర. మిషను బరువును లెక్కవేశానుగాని, 400 లీటర్ల మంచినీళ్లంటే 400 కిలోలన్న సంగతి, అవే నీళ్లు మురికితో సహా తిరిగి వ్యానులోకే వస్తాయన్న సంగతి ఆలస్యంగా తట్టాయి. చూసిపెట్టుకున్న చిన్న వ్యానును వదిలి, పెద్ద పికప్‌కు పోవలసివచ్చింది. వాహనానికి మార్పులు చేస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు వస్తుందని తెలుసు కనుక, బిగించే ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారిని అడిగి కాగితాలు సరిచేసుకున్నాను. దానికి ఒక పూట పట్టింది, అంతే.

అసలు పరీక్ష నాలుగో నెలలో మొదలైంది. నీళ్లు మునుపటిలా కాగడం లేదు, కార్పెట్ తడిగానే మిగిలిపోతున్నది. సర్వీసు నంబరుకు ఫోను చేసి "మిషను సరిగా లాగడం లేదు" అన్నాను. ఇంజనీరును పంపుతామన్నారు. వారం గడిచింది. మళ్లీ చేస్తే, అది నీళ్ల దోషమని, వారంటీ వర్తించదని చెప్పారు. నాకు ఒళ్లు మండింది. గొంతు పెంచి మాట్లాడాను కూడా.

మూడోసారి ఫోను తీసిన అమ్మాయి ఆ వాదనలోకి దిగకుండా, "సార్, పైపు ఊడదీసి, మురికి ట్యాంకు నోటికి మూత పెట్టండి. గేజి ఎంత చూపిస్తుందో చెప్పండి" అన్నది. కొన్ననాడు మూత పెడితే పీల్చే బలం 12 అంగుళాల పాదరసమని చూపించిన ముల్లు ఇప్పుడు 8 దగ్గర నిలిచిపోయింది. పైపు లేకుండానే తగ్గిందంటే గాలి మిషను దగ్గరే దొంగతనంగా దూరుతున్నదన్నమాట. ఆమె చెప్పినట్టు అగరుబత్తి వెలిగించి ట్యాంకు చుట్టూ తిప్పితే, పై మూత అంచు దగ్గర పొగ సర్రున లోపలికి పోయింది. అక్కడి రబ్బరు గాస్కెట్ గట్టిపడి చిట్లి ఉంది. దాన్ని ఉచితంగానే బస్సు పార్శిలులో పంపారు. మరునాటికి చేతికి వచ్చింది.

నీళ్ల విషయంలో మాత్రం వారి మాటే నిజమని ఒప్పుకోవాలి. మా బోరు నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించాను. తాగునీటి భారతీయ ప్రమాణంలో కాఠిన్యానికి వేరే దారి లేనప్పుడు అనుమతించే గరిష్ఠ పరిమితి లీటరుకు 600 మిల్లీగ్రాములైతే, మావి దాన్ని కూడా దాటాయి. అలాంటి నీళ్లను రోజూ కాచితే ఇంట్లో గీజరుకు పట్టినట్టే ఎక్స్ఛేంజర్ గొట్టాలకు సున్నం పెచ్చు కట్టక మానదు. పెచ్చు కట్టాక వేడి నీళ్లకు అందదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లను లోపల రెండు గంటలు తిప్పితే చాలా భాగం కరిగి తెల్లగా బయటికి వచ్చింది. ఒక గొట్టపు చుట్ట మాత్రం పూర్తిగా పూడుకుపోయింది.

ఆ చుట్ట ధర ఎవరు భరించాలన్న దగ్గర మళ్లీ పేచీ. నేను కోపాన్ని పక్కన పెట్టి, ల్యాబు రిపోర్టు, ఆర్డరు కాగితం, వారిచ్చిన వాడకం పుస్తకం మూడూ కలిపి పంపాను. ఆ పుస్తకంలో నీళ్ల కాఠిన్యం గురించి ఒక్క ముక్క లేదు. మిషను చూపించడానికి వచ్చిన రోజున మా బోరు నీళ్లే ట్యాంకుకు పట్టిన వారి మనిషీ ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత సగం ధర తాము భరిస్తామని రాసి పంపారు. అదే ఉత్తరంలో నీళ్ల కాఠిన్యం తగ్గించే, ఉప్పుతో శుద్ధి చేసుకునే సాఫ్టెనర్ ఏ సైజుది పెట్టుకోవాలో కూడా చెప్పారు. ఆ మాట అమ్మిన రోజే చెప్పి ఉంటే ఇద్దరికీ డబ్బు మిగిలేది.

ఇప్పుడు సాఫ్టెనర్ నీళ్లే పోస్తున్నాను. రోజూ పని ముగియగానే బ్లోవర్ లోపల తడి ఉండి తుప్పు పట్టకుండా, ఇంజను నడుస్తుండగానే కాస్త నూనె కొట్టి, ఆ తరువాతే ఆపుతున్నాను. ప్రతి సోమవారం ట్యాంకు నోటికి మూత పెట్టి గేజి అంకెను పుస్తకంలో రాస్తున్నాను. నిన్న 12. చుట్ట తాలూకు సగం డబ్బు మాత్రం ఇంకా రాలేదు. శుక్రవారం మళ్లీ ఫోను చేయాలి.