మాంటెరీ చల్లనీళ్లకి ఏ వెట్‌సూట్? తొమ్మిది డైవ్‌ల తర్వాత నా లెక్క

నేను డైవింగ్ నేర్చుకున్నది అండమాన్‌లో, హేవ్‌లాక్ దగ్గర. అక్కడ నీళ్లు 28, 29 డిగ్రీలు ఉంటాయి, 3 మిల్లీమీటర్ల షార్టీ (పొట్టి చేతులు, పొట్టి కాళ్లున్న వెట్‌సూట్, అంటే ఒంటికి అంటుకునే రబ్బరు సూటు) వేసుకుని దిగితే గంటైనా పైకి రావాలనిపించదు. ఆ ధైర్యంతోనే కాలిఫోర్నియాలోని శాన్ హోసేకి ఉద్యోగానికి వచ్చాక గంటన్నర దూరంలో ఉన్న మాంటెరీలో కూడా దిగేద్దాం అనుకున్నా. తీరా చూస్తే ఏప్రిల్, మే నెలల్లో అక్కడ నీళ్లు 10 డిగ్రీలు. ఒడ్డున చక్కగా ఎండ కాస్తుంటుంది, జనం ఐస్‌క్రీం తింటుంటారు, కానీ ఆ సీజన్లో వీచే వాయవ్య గాలులకి పైనీళ్లు సముద్రం లోపలికి జరిగిపోయి అడుగునున్న చల్లనీళ్లు పైకి వస్తాయి. అంటే మనం ఎండాకాలం అనుకుని వెళ్తే నీళ్లు ఇంకా చల్లగా తగులుతాయన్నమాట. కాస్త నయంగా ఉండేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో, అప్పుడు కూడా 13, 14 డిగ్రీలే.

1, 2 డైవ్‌లు, ఏప్రిల్ చివర, బ్రేక్‌వాటర్ (మాంటెరీలో ఒడ్డు నుంచే దిగే చోటు). సూటు అద్దెకి తీసుకున్నా. వాళ్లిచ్చింది ఫార్మర్ జాన్ అనే రకం: చిన్నపిల్లల డంగరీలా చేతుల్లేని ఒక ముక్క, దాని మీద జిప్పున్న జాకెట్ ఇంకో ముక్క. రెండూ 7 మిల్లీమీటర్లే కాబట్టి ఛాతీ, పొట్ట మీద మొత్తం 14 అవుతుంది. జాకెట్ వెనకాల తోకలా ఒక పట్టీ వేలాడుతుంటే అదేంటో అర్థం కాక అలాగే వదిలేశా. అది కాళ్ల మధ్య నుంచి ముందుకి తెచ్చి బిగించుకోవాలట, లేకపోతే జాకెట్ పైకి లేచిపోయి కింది నుంచి నీళ్లు దూరతాయట. ఈ సంగతి పైకొచ్చాక తెలిసింది.

14 మిల్లీమీటర్లున్నా చలేసింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక అపోహ తీసెయ్యాలి. వెట్‌సూట్‌లోకి వెళ్లిన నీళ్లే మనల్ని వెచ్చగా ఉంచుతాయని నాకు చాలామంది చెప్పారు. నిజానికి వెచ్చగా ఉంచేది నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న సన్న సన్న గ్యాస్ బుడగలు. 1950ల మొదట్లో బర్క్‌లీ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ పట్టుకున్న కిటుకు ఇదే: ఒళ్లు పొడిగా ఉండక్కర్లేదు, వేడి పోకుండా ఆపే బుడగలు ఆ బట్టలో ఉంటే చాలు. లోపలికి వచ్చిన నీటిని వేడి చేసేది మన ఒళ్లే, మన ఖర్చుతోనే. ఒకసారి వేడెక్కిన నీళ్లు కదలకుండా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి కదిపినప్పుడల్లా పాతవి పోయి కొత్తవి వస్తుంటే మాత్రం చిల్లుకుండలో వేడినీళ్లు పోస్తున్నట్టే. నా అద్దె సూటు ఒక సైజు పెద్దది, పైగా ఆ తోక ఊగుతోంది, ఇంక అన్ని మిల్లీమీటర్లుండి ఏం లాభం. 31 నిమిషాలకి వేళ్లు కొంకర్లు పోయి బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే, మునగడానికి వదిలే జాకెట్) బటన్ నొక్కడం కూడా కష్టమైంది.

అదే రోజు ఇంకోటి జరిగింది. 4 మీటర్ల లోతులో ఎడమ చెవి మీద హుడ్ (తలకి తొడుక్కునే రబ్బరు టోపీ) కాస్త వదులై చల్లనీళ్లు ఒక్కసారిగా లోపలికి దూరాయి, కుడి చెవి మాత్రం ఇంకా పొడిగానే ఉంది. గిర్రున తిరిగింది తల. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. పక్కనే ఉన్న కెల్ప్ (పొడుగాటి సముద్రపు నాచు) కాడ పట్టుకుని, శ్వాస మీదే మనసు పెట్టి కదలకుండా ఉండిపోయా. అర నిమిషం పట్టిందేమో, నాకు మాత్రం అరగంటలా అనిపించింది. ఒక చెవికే చల్లదనం తగిలితే బ్యాలెన్స్ చూసుకునే లోపలి భాగం తికమకపడుతుంది. రెండు చెవులూ ఒకే చల్లదనానికి వచ్చాక దానంతటదే ఆగిపోయింది. ఇప్పుడు దిగే ముందు పైనే రెండు పక్కలా హుడ్ అంచు ఎత్తి రెండు చెవుల్లోకీ నీళ్లు ఒకేసారి పోనిస్తున్నా. మళ్లీ రాలేదు.

3, 4 డైవ్‌లు, మే. ఈసారి ఒకే ముక్కగా ఉండే 7 మిల్లీమీటర్ల సూటు, వీపు మీద జిప్పు, హుడ్ విడిగా. చేతులకి ఎంత హాయో, ఫార్మర్ జాన్‌లో భుజాలు కదపాలంటే చపాతీ పిండిలో ఇరుక్కున్నట్టుండేది. కానీ తల వంచి కిందకి చూసిన ప్రతిసారీ మెడ వెనక గ్యాప్ నుంచి ఒక చల్లటి ధార వెన్నెముక పొడుగునా నడుము దాకా జారేది. నాతో డైవ్ చేసే నెల్లూరు అన్న ఒకాయన ఉన్నారు, పదేళ్లుగా అక్కడే దిగుతున్నారు. నా అవస్థ చూసి నవ్వి, "తమ్ముడూ, నువ్వు మిల్లీమీటర్లు చూస్తున్నావు గానీ మెడ చూసుకోవట్లేదు" అన్నారు. నేను కొన్న సూటు మొత్తం ఆ ఒక్క మాట మీదే కొన్నా.

మధ్యలో డ్రైసూట్ (లోపలికి నీళ్లే రానివ్వని సూటు) కూడా ఆలోచించా. ఆయన దగ్గరున్నది అదే, పైకొచ్చాక లోపల స్వెటర్ పొడిగా ఉండటం చూస్తే కుళ్లు పుట్టింది, అబద్ధమెందుకు. కానీ దాని ధరలో మూడు నాలుగు మంచి వెట్‌సూట్‌లు వస్తాయి, లోపల వేసుకునే వెచ్చటి బట్టలు వేరే కొనాలి, మెడ దగ్గర, మణికట్ల దగ్గర సీల్స్ పాతబడితే మార్పించుకోవాలి, సూటులో గాలిని అదుపు చెయ్యడం నేర్చుకోకపోతే కాళ్లు పైకి, తల కిందికి తేలిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి విడిగా ట్రైనింగ్ కూడా తీసుకోవాలి. నెలకి రెండు డైవ్‌లు చేసే నాకు ఇప్పుడే అక్కర్లేదనిపించింది. వారం వారం వెళ్లేవాళ్లయితే నేరుగా దానికే వెళ్లండి, మధ్యలో డబ్బులు తగలేసుకోవద్దు.

జూన్‌లో కొన్నా. 7 మిల్లీమీటర్ల ఒకే ముక్క సూటు, దాని లోపల హుడ్ కలిసే ఉన్న 5 మిల్లీమీటర్ల వెస్ట్. హుడ్, బనియన్ ఒకే ముక్క కాబట్టి మెడ దగ్గర గ్యాప్ అనేదే లేదు, పొట్ట మీద రెండు పొరలు, చేతులకి మాత్రం ఒకటే పొర. షాపులో ట్రయల్‌కి నలభై నిమిషాలు పట్టింది, చెమటతో స్నానం అయిపోయింది. నేను చూసుకున్నవి: గుంజీలు తీసినట్టు కూర్చుంటే మోకాళ్ల వెనక మరీ గుచ్చుకోకూడదు, చేతులు పైకెత్తితే చంకల దగ్గర సూటు ఒంటికి అంటుకునే ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా నడుము వెనక గుంటలో పిడికిలి పట్టేంత ఖాళీ ఉండకూడదు, ఎందుకంటే నీళ్లు మడుగు కట్టేది అక్కడే. మెడ బిగుతుగా ఉండాలి గానీ తల బరువెక్కి కళ్లు తిరిగేంత బిగుతు మాత్రం ప్రమాదం, మెడలో రక్తనాళాలు నొక్కుకుంటాయి. ఇక మన ఒడ్డూ పొడుగుల సంగతి: సైజు పట్టికలో నా ఎత్తుకి మీడియం, నా పొట్టకి ఎక్స్ ఎల్. చివరికి లార్జ్ షార్ట్ అనే సైజు కుదిరింది. అది కూడా కుదరకపోయి ఉంటే ఫార్మర్ జాన్‌కే తిరిగొచ్చేవాణ్ణేమో, కింద ఒక సైజు పైన ఒక సైజు తీసుకునే వీలు దాంట్లోనే ఉంది.

తొడుక్కోవడానికి ఒక చిట్కా. పాదానికి కూరగాయల కవర్ తొడుక్కుని కాలు దూర్చండి, సర్రున జారిపోతుంది. చేతులకీ అంతే. గోళ్లతో లాగొద్దు, వేళ్ల మెత్తటి భాగంతో పట్టుకుని పైకి జరపాలి. హుడ్ అంచు మాస్క్ కిందకి దూరకుండా చూసుకోవాలి, ఒక్క వెంట్రుక వాసి దూరినా డైవ్ అంతా మాస్క్‌లో నీళ్లు తోడుకుంటూనే ఉండాలి.

5 నుంచి 9 డైవ్‌లు, జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా. మొదటి పని వెయిట్లు (మునగడానికి కట్టుకునే సీసం బరువులు) సరిచూసుకోవడం. నా బరువు 80 కిలోలు, గాలి ట్యాంక్ అల్యూమినియం 80 (80 ఘనపుటడుగుల గాలి పట్టే రకం). ఫార్మర్ జాన్‌కి 36 పౌండ్ల సీసం కట్టుకోవాల్సి వచ్చింది, మెట్లు దిగేసరికే ఆయాసం. కొత్త సూటుకి 28 సరిపోయాయి. ఇది డైవ్ మొదట్లో కాదు, చివర్లో చూసుకోవాలి: ట్యాంక్‌లో గాలి దాదాపు అయిపోయి 500 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండగా, బీసీడీ ఖాళీ చేసి, 5 మీటర్ల దగ్గర కదలకుండా నిలబడగలగాలి. అల్యూమినియం ట్యాంక్ ఖాళీ అయ్యేకొద్దీ తేలుతుంది, పైకొచ్చేకొద్దీ సూటులో బుడగలు మళ్లీ ఉబ్బుతాయి, రెండూ కలిసి మనల్ని పైకి లాగేది సరిగ్గా అప్పుడే. లోతుకి వెళ్తే దీనికి రివర్స్. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు, బుడగలు నలిగిపోతాయి, మనం 7 అనుకునేది అక్కడ 7 ఉండదు. అందుకే 15 మీటర్ల దగ్గర చలీ ఎక్కువే, బరువూ ఎక్కువే.

7వ డైవ్ బాగా గుర్తుంది. బ్రేక్‌వాటర్ నుంచి మెట్రిడియం ఫీల్డ్ దాకా వెళ్లాం, మోకాలెత్తు తెల్లటి ఎనిమోన్లు (పువ్వుల్లా ఉండే సముద్రజీవులు) రాళ్ల నిండా, కాలీఫ్లవర్ తోటలో తేలుతున్నట్టుంది. అడుగున 11 డిగ్రీలు, 46 నిమిషాలు ఉన్నాం. మెడ వెనక ఒక్క చుక్క దిగలేదు. వణుకు మొదలైంది పైకొచ్చాకే, గాలికి. తడి సూటు మీద గాలి తగిలితే నీళ్లలో కన్నా ఎక్కువ చలేస్తుంది, కాబట్టి రెండో డైవ్ చెయ్యాలంటే పైన వేసుకోవడానికి గాలి ఆపే కోటు ఒకటి, ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు కావాలి. ఆ నీళ్లు దిగే ముందు గ్లవ్స్‌లో, మెడ దగ్గర పోసుకుంటే ఒళ్లు ఖర్చు పెట్టాల్సిన వేడి కొంత మిగులుతుంది. సూటులో ఉచ్చ పోసుకోవడం గురించి అడిగేవాళ్లకి: సొంత సూటులో పోసుకోండి, అద్దె సూటులో వద్దు, రాత్రికి మంచినీళ్లతో లోపల బయట శుభ్రంగా కడగండి. మా ఆవిడ నా సూటుని బాత్రూంలోకి రానివ్వడం మానేసింది, ఇప్పుడు దాని చోటు బాల్కనీలో నీడన, వెడల్పు హ్యాంగర్ మీద.

ఇంకా తేలనిది గ్లవ్స్ సంగతి. 5 మిల్లీమీటర్లవి వాడుతున్నా, అరగంట తర్వాత కుడి చూపుడు వేలు మొద్దుబారుతోంది. మూడు వేళ్ల మిట్టెన్ అద్దెకి తెచ్చి చూడాలి, క్లిప్పులు పెట్టుకోవడం కష్టమంటున్నారు. ఎడమ మోకాలి దగ్గర నా గోరు గుచ్చుకుని అర అంగుళం చీలిక కూడా పడింది, నియోప్రీన్ జిగురు రెండు పూతలు పూసి రేపటిదాకా ఆరనిస్తున్నా. అక్టోబర్‌లో మాంటెరీ దగ్గర్లోనే ఉన్న పాయింట్ లోబోస్‌లో డైవ్ చెయ్యడానికి స్లాట్ దొరికింది, వేలర్స్ కోవ్‌లో.