అడుగు 1,250, అంతే మాట్లాడుకున్నాం

పొద్దున్నే మధురవాడ వెళ్లాను, నాలుగు నెలల కిందట చేసిన షోరూమ్ పని బాకీ గురించి. కంచరపాలెంలో మా షెడ్డు దగ్గర బండి తీసిన దగ్గర్నుంచి హనుమంతవాక దాటేదాకా లెక్క మనసులో తిరుగుతూనే ఉంది. ర్యాకులు, కౌంటర్లు 620 చదరపు అడుగులు, అడుగుకు 1,250 చొప్పున 7,75,000. కౌంటర్ వెనక గోడకి ప్యానెలింగ్ 64 అడుగులు, 80,000. బందులు, డ్రాయర్ ఛానళ్లు 46,000. మొత్తం 9,01,000. ముట్టింది ఏడు లక్షలు, ఇంకా రావాల్సింది 2,01,000.

షోరూమ్ ఓనరు గారి లెక్కలో 75,000.

కోపంగానే వెళ్లాను గానీ, ఆయన అబద్ధం ఆడుతున్నారని నాకు అనిపించలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. "అడుగు 1,250 అన్నావు కదయ్యా, బందులు లేకుండా తలుపెలా నిలుస్తుంది? అవీ అందులోవే అనుకున్నాను" అన్నారు. ఆ రోజు టీ కొట్టు దగ్గర నిలబడి మేం మాట్లాడుకున్నది నిజంగానే ఆ ఒక్క రేటే. అందులో ప్లైవుడ్, సన్‌మైకా, కూలీ వస్తాయి, సాఫ్ట్ క్లోజ్ బందులు నేను విడిగా వేస్తాను. అది నాకు తెలుసు, ఆయనకెలా తెలుస్తుంది? ఇక ప్యానెలింగ్. పని మధ్యలో "ఆ గోడ బోసిగా ఉంది, ఏదైనా చేయి" అన్నారు, నేను "చూద్దాం లెండి" అన్నాను. ఊరికే చేస్తానన్నట్టు ఆయన అనుకున్నారు, నేనేమో బిల్లులో ఎక్స్‌ట్రా కింద రాసుకున్నాను. రెండు ప్లైవుడ్ షీట్లు, ఇద్దరు కార్పెంటర్లకి మూడు రోజుల కూలీ, అన్నీ నా జేబులోంచే వెళ్లాయి. వాళ్లకి నేను బాకీ పెట్టలేను కదా.

మధ్యాహ్నం సూర్యబాగ్‌లో తెలిసిన లాయరు గారి దగ్గర కూర్చున్నాను. కాగితం లేకపోతే కేసే నిలవదని ఇన్నాళ్లూ అనుకున్నాను, అలా కాదట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది, కష్టమంతా ఏం ఒప్పుకున్నామో రుజువు చేయడంలోనే ఉంది అన్నారు. డబ్బు ఎప్పుడివ్వాలో అనుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలట. "ఏ రోజు పూర్తయింది?" అని అడిగారు. చెప్పలేకపోయాను. పని అప్పగించినట్టు సంతకం తీసుకుని ఉంటే చెప్పేవాణ్ని. ఫోన్‌లో వెతికితే ఒక ఫొటో దొరికింది తేదీతో సహా, ఆ ప్యానెలింగ్ ముందు ఆయనే నిలబడి ఉన్నారు. ఫోన్ మార్చొద్దు, చాట్ తీసేయొద్దు అని గట్టిగా చెప్పారు. వాట్సాప్ మెసేజ్‌లు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలట, ఆ చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ముందైతే ఇద్దరూ కూర్చుని ఎంతకి ఒప్పుకుంటే అంత రాసుకుని సంతకాలు పెట్టుకోండి అన్నారు. రేపు మళ్లీ వెళ్తాను, ఈసారి బందుల సగం వదులుకోవడానికి సిద్ధపడి.

నాన్న ఎప్పుడూ కాగితం రాయలేదు. ఆయన చేసిన మంచాలూ తలుపులూ మా వీధిలోవాళ్లకే, తేడా వస్తే సాయంత్రం అరుగు మీదే తేలిపోయేది.

ఎల్లుండి పెందుర్తిలో మా బావ వాళ్ల వంటగది పని మొదలుపెట్టాలి. రాత్రి భోంచేశాక కూర్చుని రెండు పేజీలు రాశాను: ఏ ప్లైవుడ్, ఎన్ని అడుగులు, రేటులో ఏమేం వస్తాయి, ఏవి విడిగా, ఏ పని అయ్యాక ఎంత ఇవ్వాలి, మధ్యలో పని పెరిగితే ముందు మెసేజ్‌లో రేటు ఒప్పుకున్నాకే మొదలుపెట్టడం. పంపే ముందు చాలాసేపు చేయి ఆడలేదు. మన మధ్య కాగితాలేంటని బావ నొచ్చుకుంటాడేమో అని టెన్షన్. పంపిన కాసేపటికి ఫోన్ చేశాడు, అక్కకి పైకి చదివి వినిపిస్తున్నాడు. పక్క నుంచి అక్క, "చిమ్నీకి గోడలో కన్నం ఎవరు కొట్టిస్తారో కూడా రాయమను" అంది.

రాశాను, వాళ్లే కొట్టించుకోవాలని.