రేకుల ఇంటి వైరింగ్: ముందు ఎర్తింగ్, తర్వాతే బల్బు

వరంగల్ వైపు ఎండకాలంలో రేకుల ఇంట్లో కూలరు లేకుండా గడవదు. ఒంటిగది ఇంటి వైరింగ్ నేర్చుకునేవాళ్లు చాలామంది బల్బు, ఫ్యాను లైన్లతో మొదలుపెట్టి ఎర్తింగ్‌ను (ఇనుప బాడీలను వైరుతో భూమికి కలపడాన్ని) చివరికి వదిలేస్తారు. కూలరు పంపులోకి నీళ్లు దిగితే ఇనుప బాడీకి కరెంటు వస్తుంది. ఎర్తింగ్ ఉంటే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్, అప్పుడే పడిపోతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకున్నాకే పడుతుంది. అందుకే ఎర్త్ పిన్ను లేని రెండు పిన్నుల ప్లగ్గు కూలరుకు అసలే పెట్టొద్దు.

ఎర్తింగ్ కోసం రెండున్నర మీటర్ల పొడవు, 40 ఎంఎం జీఐ (జింకు పూత ఇనుప) పైపును గుంతలో నిలువుగా దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపాలి. చెల్క నేల తొందరగా ఆరిపోతుంది, కాబట్టి ఎండకాలమంతా ఆ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి.

స్తంభం నుంచి మీటరు దాకా కరెంటు ఆఫీసు పని, దాని జోలికి పోవద్దు. మీటరు తర్వాత 25 ఆంపియర్ల డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ ఆపే) ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్. ఆ తర్వాత 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే పడే ఆర్‌సీసీబీ. అక్కడిదాకా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. లైట్లు, ఫ్యానుకు 1.5 వైరు, 6 ఆంపియర్ల ఎంసీబీ. కూలరు, ఫ్రిజ్ ప్లగ్గులకు 2.5 వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. ఎంసీబీ ఊరికే పడుతోందని పెద్దది మార్చేవాళ్లున్నారు. అప్పుడు ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది.

స్విచ్ ఎప్పుడూ ఫేజు (కరెంటు వచ్చే వైరు) మీదే ఉండాలి. న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) మీద పెడితే బల్బు ఆరినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది.

కొత్త ఆర్‌సీసీబీ నిలవకుండా మాటిమాటికీ పడుతుంటే ముందు న్యూట్రల్ చూడండి. ఆర్‌సీసీబీ తర్వాత న్యూట్రల్ ఎక్కడైనా ఎర్త్‌కు తగిలినా, ఒక లైను న్యూట్రల్ ఆర్‌సీసీబీకి ముందున్న న్యూట్రల్‌లో కలిసినా లోడు వేయగానే పడుతుంది. ఇంకో మాట: ఆర్‌సీసీబీ మీదున్న 'T' (టెస్ట్) బటన్ నొక్కితే పడింది కదా, ఎర్తింగ్ బాగుందనుకోవద్దు. ఆ బటన్‌కు ఎర్త్‌తో పనే లేదు, ఎర్తింగ్ అసలు లేకపోయినా పడుతుంది. ఎర్తింగ్‌ను ఎర్త్ టెస్టర్‌తోనే కొలిపించాలి.

రేకు అంచు కత్తిలా ఉంటుంది, గాలికి అదిరినప్పుడల్లా వైరు తొడుగును కోస్తుంది. రేకుల కింద వైరు ఎక్కడా బయట కనపడకుండా పీవీసీ పైపులోనే తీయండి. ఇనుప దూలాలనూ ఎర్త్‌కు కలపండి. బట్టల దండేనికి ఇనుప తీగ బదులు నైలాన్ తాడు కట్టండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ అంతా పరీక్షించాకే మెయిన్ వేయాలి.