విజయవాడలోని కారు గుంటూరు అవతల ఎందుకు కనిపించింది

మా బావమరిది అద్దెకు తిప్పే కారులో గత నెల నేనే ఒక చిన్న ట్రాకర్ అమర్చాను. ఒక జీపీఎస్ మాడ్యూల్, దాని నుంచి వచ్చే సమాచారాన్ని చదివే మైక్రోకంట్రోలర్, ఫోనుకు పంపే సిమ్ మోడెమ్, అంతే. రెండో రోజు ఉదయాన్నే అతను ఫోన్ చేసి, "బావగారూ, కారు ఇక్కడ విజయవాడలో మా ఇంటి ముందే ఉంది. మ్యాపులో మాత్రం గుంటూరు దాటి పడమటి వైపు ఉన్నట్టు చూపిస్తోంది" అన్నాడు.

సిగ్నల్ బలహీనంగా ఉంటే మ్యాపులో చుక్క అటూ ఇటూ తిరుగుతుంది గానీ, 35 కిలోమీటర్ల దూరాన ఒకే చోట కదలకుండా నిలబడదు. కాబట్టి లోపం ఆకాశంలో కాదు, జీపీఎస్ రిసీవర్‌కూ మైక్రోకంట్రోలర్‌కూ మధ్య ఉన్న జానెడు తీగలోనో, ఆ తీగ మీద వచ్చే మాటను నేను చదివిన తీరులోనో ఉండాలని అనిపించింది.

ఆ తీగ మీద నడిచే భాష పేరు ఎన్‌ఎంఈఏ 0183. అమెరికాలోని నౌకా ఎలక్ట్రానిక్స్ సంఘం 1983లో, ఓడల్లోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి దీన్ని ప్రమాణంగా తెచ్చింది. ప్రతి సందేశాన్నీ వాక్యం అనే పిలుస్తారు. అది డాలర్ గుర్తుతో మొదలై, ఎవరు చెబుతున్నారో తెలిపే రెండక్షరాలతో (జీపీఎస్ అయితే జీపీ, మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ అయితే జీఐ, పలు వ్యవస్థలు కలిస్తే జీఎన్), ఏ రకం వాక్యమో తెలిపే మూడక్షరాలతో సాగి, ఆపై సమయం, అక్షాంశం, రేఖాంశం వంటి వివరాలను కామాలతో విడదీసి చెబుతుంది. వాక్యం మొత్తం 82 అక్షరాలు మించకూడదు. చివర నక్షత్రం గుర్తు తర్వాత వచ్చే రెండంకెల చెక్‌సమ్‌తో దారిలో అక్షరం ఏదైనా చెడిందేమో తెలుసుకోవచ్చు. నా దగ్గర చెక్‌సమ్ ప్రతిసారీ సరిపోయింది. అంటే రిసీవర్ చెప్పింది చెప్పినట్టే చేరుతోంది.

అసలు సంగతి ఏలూరు ప్రయాణంలో బయటపడింది. కారులో కూర్చుని ఫోను చూస్తూ వెళ్లాను. పది కిలోమీటర్లు నడిస్తే చుక్క ఆరు కిలోమీటర్లే కదులుతోంది. హనుమాన్ జంక్షన్ దాటాక, ఏలూరు ఇంకా రాకముందే, అది ఉన్నట్టుండి సుమారు 43 కిలోమీటర్లు తూర్పుకు దూకింది. సరిగ్గా 81వ రేఖాంశం దాటే చోటు అది. ఆ దూకుడు చూడగానే నా తప్పేమిటో స్పష్టమైంది.

రిసీవర్ మా బావమరిది వీధి అక్షాంశాన్ని 1630.37 అని పంపుతోంది. నేను దాన్ని వందతో భాగించి 16.3037 డిగ్రీలుగా రాసుకున్నాను. కానీ దాని అర్థం 16 డిగ్రీల 30.37 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు గనుక అసలు విలువ 16.506. రేఖాంశం 08038.88 కూడా అంతే: నేను చదివింది 80.389, ఉండవలసింది 80.648. తప్పుగా చదివిన ఆ రెండంకెలూ కలిసే బిందువు గుంటూరుకు కాస్త పడమరగా పడుతుంది. నిమిషాలు 60కి చేరవు గనుక ఈ పొరపాటులో దశాంశం .60 నుంచి .99 వరకు ఎన్నడూ రాదు. ఆ ఖాళీనే కారు ఒక్క గెంతులో దాటినట్టు కనిపించింది.

డిగ్రీలనూ నిమిషాలనూ మధ్య ఏ గుర్తూ లేకుండా అతికించి రాయడం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది. అయితే నిమిషాలను వాడటానికి బలమైన కారణముంది: అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. చార్టు ముందు పరుచుకుని దారి చూసుకునే నావికుడికి అదే సహజమైన కొలత. స్థానం, వేగం తెలిపే ఆర్‌ఎంసీ రకం వాక్యంలో వేగం నాట్లలో, అంటే గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని, రావడానికీ మూలం అదే, దాన్ని 1.852తో గుణిస్తేనే మన కిలోమీటర్ల వేగం వస్తుంది.

ఇంటికి రాగానే ప్రోగ్రాములో అక్షాంశానికి మొదటి రెండంకెలు, రేఖాంశానికి మొదటి మూడంకెలు డిగ్రీలుగా విడదీసి, మిగిలినదాన్ని 60తో భాగించి కలిపాను. సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, వస్తుంది గనుక దానికి ఐదున్నర గంటలు చేర్చాను. చుక్క వచ్చి మా బావమరిది వీధిలో నిలిచింది.